గ్లూకోజు సీసాకి ముందు బియ్యం డబ్బా

ఒడిశాలోని మా పర్లాకిమిడిలోనైనా, సరిహద్దు దాటితే పక్కనే ఆంధ్రాలో ఉండే పాతపట్నంలోనైనా, సాయంత్రంపూట మందుల షాపు దగ్గర కాసేపు నిలబడండి. "ఒంట్లో సత్తువ నేదు బాబూ, బలానికి ఏటైనా ఇయ్యి" అనే మాట ఒక్కసారైనా చెవిన పడుతుంది. షాపాయన బి-కాంప్లెక్స్ మాత్రలు ఒక స్ట్రిప్పు ఇస్తాడు. నీరసం ఇంకాస్త ఎక్కువగా ఉన్నవాళ్ళు ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్ళి గ్లూకోజు ఎక్కించుకుంటారు. ఎక్కించుకున్న పూట బాగానే ఉంటుంది. వారం తిరిగేసరికి అదే నీరసం, అదే బెంచీ, అదే సీసా.

ఈ అలవాటు మానాలని నేను గట్టిగా చెప్పదలుచుకున్నాను. హైస్కూల్లో సైన్సు చెప్పేదాన్ని, డాక్టర్ని కాను. కానీ మన ఒంట్లో శక్తి ఎలా దాచబడుతుంది, ఎలా బయటికొస్తుంది అన్నది పదో తరగతి పాఠంలో ఉన్న సంగతే. ఆ పాఠం చదివిన పిల్లల ఇళ్ళలోనే పెద్దవాళ్ళు నీరసానికి సీసా పెట్టించుకుంటున్నారు. పాఠానికీ ఇంటికీ మధ్య ఈ దూరం నాకు చాలా బాధగా ఉంటుంది.

ముందు ఆ సీసా లెక్క చూద్దాం. మామూలుగా ఎక్కించే 5 శాతం గ్లూకోజు సీసా అర లీటరు. అందులో ఉండే గ్లూకోజు 25 గ్రాములు. వంద కేలరీల లోపే. ఒక గరిటెడు అన్నంలో అంత ఉంటుంది. ఉప్పునీటి సెలైన్ అయితే కేలరీలు అసలు లేవు. మరి మన ఒంట్లో ఇప్పటికే ఎంత ఉంది? గ్లూకోజుని ఒళ్ళు దాచుకునే రూపం గ్లైకోజెన్. అది కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాల్లో 400 గ్రాముల దాకా నిల్వ ఉంటుంది. రెండూ కలిపితే దాదాపు 2000 కేలరీలు. ఇక కొవ్వు సంగతి చెప్పనక్కర్లేదు. అరవై కిలోల మామూలు మనిషి ఒంట్లో పది పన్నెండు కిలోల కొవ్వు ఉండడం వింత కాదు. గ్రాముకి 9 కేలరీల చొప్పున అది లక్ష కేలరీల దాకా వెళ్తుంది. లక్ష కేలరీలు ఒంట్లో పెట్టుకుని, వంద కేలరీల కోసం చేతికి సూది గుచ్చించుకుంటున్నాం.

విరేచనాలతో, వాంతులతో, వడదెబ్బతో ఒంట్లో నీరు పోయినవాళ్ళకి సెలైన్ ప్రాణం నిలబెడుతుంది. దాన్ని నేను కాదనడం లేదు. నెలల తరబడి ఉన్న నీరసానికి అది మందు కాదు అంటున్నాను. ఎక్కించుకున్న పూట తేలిగ్గా అనిపించడానికి నీరు పట్టడం, రెండు గంటలు పడుకోవడం, ఎవరో ఒకరు పట్టించుకోవడం చాలు.

అసలు చిక్కు ఎక్కడుంది? గాదె నిండా ధాన్యం ఉన్నా రోకలి లేని ఇంట్లో పొయ్యి మీదికి అన్నం రాదు. విటమిన్లు ఆ రోకలి. వాటిలో ఒక్క కేలరీ కూడా లేదు. కానీ అవి లేకపోతే ఒంట్లో ఉన్న కేలరీలు వాడుకలోకి రావు.

బి1, అంటే థయమిన్, సంగతి చూడండి. అన్నంలోని పిండి గ్లూకోజుగా మారుతుంది. గ్లూకోజు కణంలో రెండు ముక్కలై పైరువేట్ అవుతుంది. ఇక్కడిదాకా దక్కే శక్తి చాలా కొద్ది. అసలు శక్తి రావాలంటే ఆ పైరువేట్ కణంలో శక్తి తయారయ్యే కొలిమి లాంటి మైటోకాండ్రియా లోపలికి వెళ్ళి, అసిటైల్ కోఎంజైమ్-ఎ గా మారి, శక్తిని మెట్టుమెట్టుగా బయటికి తీసే క్రెబ్స్ వలయంలో పడాలి. ఆ మార్పు చేసే ఎంజైముకి బి1 తోడు లేకపోతే పని జరగదు. క్రెబ్స్ వలయం మధ్యలో ఇంకో మెట్టు దగ్గర కూడా బి1 కావాలి. అది లేనప్పుడు పైరువేట్ పేరుకుపోయి లాక్టిక్ ఆమ్లంగా మారుతుంది. పరుగెత్తాక కాళ్ళు పట్టేయడం గురించి చెప్పేటప్పుడు పిల్లలకి లాక్టిక్ ఆమ్లం పేరు చెబుతాం. బి1 బాగా తగ్గిపోయిన మనిషిలో పరుగెత్తకుండానే, ఆక్సిజన్ సరిపడా ఉన్నా, అది పేరుకుంటుంది. మెదడు ఎక్కువగా గ్లూకోజు మీదే బతుకుతుంది, గుండెకి విశ్రాంతి లేదు. అందుకే బి1 లోపం ముందుగా నరాలనీ, మెదడునీ, గుండెనీ పట్టుకుంటుంది.

బి6 గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. కండరంలో దాచిన గ్లైకోజెన్‌ని విడగొట్టి తీసే ఎంజైము ఫాస్ఫోరిలేజ్. అది బి6 ని పట్టుకుని ఉంటేనే పనిచేస్తుంది. మన ఒంట్లోని బి6 లో ఎక్కువ భాగం కండరాల్లో ఈ ఎంజైముని అంటిపెట్టుకునే ఉంటుంది. మిగతావి త్వరగా చెబుతాను. బి2, బి3 లేకపోతే ఆహారం నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లని మోసే అణువులు తయారు కావు. బి5 లేనిదే కోఎంజైమ్-ఎ లేదు. బయోటిన్ లేనిదే మిగిలిన పిండి కొవ్వుగా మారి నిల్వ కాదు. ఆ కొవ్వుని మైటోకాండ్రియాలోకి చేరవేసే కార్నిటిన్‌ని ఒళ్ళు తయారు చేసుకోవాలంటే విటమిన్ సి కావాలి. విటమిన్ సి లోపం వల్ల వచ్చే స్కర్వీ జబ్బులో చిగుళ్ళ నుంచి రక్తం కారడం కంటే ముందు నీరసం కనబడడానికి ఇదొక కారణమని చెబుతారు.

శక్తికి లక్ష కేలరీల నిల్వ ఉంది, సరే. విటమిన్ల నిల్వలు మాత్రం ఒక్కోటీ ఒక్కోలా ఉంటాయి. ఒంట్లో ఉండే బి1 మొత్తం 25 నుంచి 30 మిల్లీగ్రాములు. తిండిలో అందకపోతే రెండు మూడు వారాల్లో అడుగంటుతుంది. బి12 అలా కాదు. కాలేయంలో 2 నుంచి 5 మిల్లీగ్రాములు దాగి ఉండి ఏళ్ళ తరబడి వస్తుంది. కార్తీక మాసమంతా నీచు ముట్టకపోవడం మా ఇళ్ళలోనూ ఉంది, ఒడియా ఇళ్ళలో ఇంకా నిష్ఠగా ఉంది. ఆ నెల చివర "నీచు లేక నీరసం వచ్చింది" అనేవాళ్ళున్నారు. ఒక్క నెలకి బి12 తరిగిపోదు. అదే ఒక్క నెల వాంతులతో ఏమీ తినలేకపోయిన కడుపుతో ఉన్న మనిషికి బి1 అయిపోవచ్చు. దీని గురించి మాత్రం ఎవరూ భయపడరు.

బి1 దగ్గరే ఇంతసేపు ఆగడానికి కారణం మా నేల. ఇప్పటి గంజాం, గజపతి జిల్లాల నుంచి కింద గుంటూరు దాకా ఉన్న తీరాన్ని ఒకప్పుడు ఉత్తర సర్కారులు అనేవారు. ఈ సర్కారులు బి1 లోపం వల్ల వచ్చే బెరిబెరి జబ్బుకి పేరుపడ్డాయి. కాళ్ళు తిమ్మిరెక్కడం, వాపులు, ఆయాసం, చివరికి గుండె ఆగిపోవడం. మద్రాసు సైన్యంలో వైద్యుడైన జాన్ గ్రాంట్ మాల్కమ్‌సన్ 1835లోనే ఈ జబ్బు మీద పెద్ద వ్యాసం రాశాడు. కారణం మాత్రం అప్పట్లో ఎవరికీ అంతుపట్టలేదు. తర్వాత 1890లలో జావాలో క్రిస్టియాన్ ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు పాలిష్ బియ్యం తిన్న కోళ్ళకి కాళ్ళు పడిపోవడం, తవుడు పెడితే లేవడం గమనించాడు. 1929లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. హైదరాబాదులో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ గురించి అందరూ వినే ఉంటారు. అది 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ పెట్టిన బెరిబెరి పరిశోధన విభాగంగా మొదలైంది. మన దేశంలో పోషకాహార శాస్త్రానికి పునాది వేసినది బియ్యం తినేవాళ్ళని పట్టిన జబ్బే. ఈ చరిత్ర మా పిల్లల పుస్తకాల్లో ఒక్క వాక్యంగా కూడా లేకపోవడం అన్యాయం.

బియ్యం అందరూ తినేవారే, మరి ఈ తీరంలోనే ఎందుకు? వడ్లని నానబెట్టి, ఉడికించి, ఎండబెట్టి దంచిన ఉప్పుడు బియ్యం తినేవాళ్ళలో బెరిబెరి తక్కువ. ఉడికేటప్పుడు తవుడు పొరలో ఉన్న బి1 గింజ లోపలికి దిగుతుంది. తర్వాత ఎంత మిల్లు పట్టినా కొంత మిగులుతుంది. పచ్చి వడ్లని మిల్లులో తెల్లగా పాలిష్ పట్టించిన చోట మాత్రం బి1 చాలావరకు తవుడుతో పోయి పశువుల కుడితిలో పడింది. మా వీధిలో ఇప్పటికీ ఈ తేడా కనబడుతుంది. ఒడియా పొరుగింట్లో ఉసునా చావుల, అంటే ఉప్పుడు బియ్యం. మా తెలుగిళ్ళలో సన్నగా, తెల్లగా, మల్లెమొగ్గల్లా ఉండాలని పట్టుబట్టే పచ్చి బియ్యం. పెళ్ళికి వచ్చిన చుట్టాల ముందు ఉప్పుడు బియ్యం అన్నం పెట్టడం నామోషీ అనుకునేవాళ్ళు మావాళ్ళలో ఎంతోమంది.

లెక్క మళ్ళీ చూడండి. వంద గ్రాముల పాలిష్ బియ్యంలో బి1 దాదాపు 0.05 మిల్లీగ్రాములు. మనిషికి రోజుకి కావలసింది ఒక మిల్లీగ్రాము పైచిలుకు. రోజుకి నాలుగు వందల గ్రాముల బియ్యం తిన్నా 0.2 దాటదు. అది కూడా నీళ్ళు తెల్లగా వచ్చేదాకా మూడు నాలుగుసార్లు కడగక ముందు, గంజి వార్చి పారబోయక ముందు. పైగా పిండిపదార్థం ఎంత ఎక్కువ తింటే దాన్ని వాడడానికి బి1 అంత ఎక్కువ కావాలి. కూర గరిటెడు, అన్నం కొండంత పెట్టుకునే పళ్ళెంలో ఉన్న ప్రమాదం ఇదే. మా అత్తగారు గంజిని ఎప్పుడూ పారబోయరు. కుండలో తరవాణి పెడతారు, మర్నాడు అన్నం అందులో వేసుకుని ఉల్లిపాయతో తింటారు. పొరుగింటి పఖాళొ కూడా దాదాపు ఇలాంటిదే. అది పేదల తిండి అని వదిలేసి, గంజి కాలవలో పోసి, ఆ మీదట బి-కాంప్లెక్స్ కొనడం ఏం తెలివి?

ఇప్పుడు బెరిబెరి ఎక్కడుంది అని మీరు అడగొచ్చు. పప్పు, గుడ్డు, కూరగాయలు పళ్ళెంలోకి వచ్చాయి గనక పాతకాలంలోలా ఊళ్ళకి ఊళ్ళు పడిపోవడం లేదు. నిజమే. కానీ అంచున ఉన్నవాళ్ళు ఉన్నారు. రోజూ తాగేవాళ్ళు మొదటివాళ్ళు. సారా తిండిని తగ్గిస్తుంది, తిన్నదాంట్లోని బి1 ని కూడా పేగులు పీల్చుకోనివ్వదు. వేవిళ్ళు తీవ్రంగా ఉన్న ఆడవాళ్ళు, ఎక్కువ రోజుల జ్వరంలో పడి తిండి మానేసినవాళ్ళు. బాలింతకి పథ్యమని తెల్లన్నం, వెల్లుల్లి కారం తప్ప ఏదీ పెట్టని ఇళ్ళలోని తల్లులు. తల్లికి బి1 లేకపోతే పాలలోనూ ఉండదు. అలాంటప్పుడు రెండు మూడు నెలల బిడ్డకి గుండె జబ్బులా వచ్చి గంటల్లో ప్రాణం మీదికి రావచ్చు. పప్పు, గుడ్డు, ఆకుకూర బాలింతకి చేటు చేస్తాయనడానికి ఏ ఆధారమూ లేదు. ఈ పథ్యం మానండి అని పెద్దవాళ్ళతో వాదించడానికి నేను వెనకాడను.

గ్లూకోజు సీసా భయం కూడా ఇక్కడే. బి1 అడుగంటిన మనిషికి ఒక్కసారిగా గ్లూకోజు ఎక్కిస్తే, దాన్ని వాడడానికి మిగిలిన కాస్త బి1 కూడా ఖర్చయిపోతుంది. మతి తప్పడం, కళ్ళు సరిగా కదలకపోవడం, తూలిపోవడం మొదలవుతాయి. 1881లో కార్ల్ వెర్నికీ అనే జర్మన్ వైద్యుడు వివరించిన మెదడు జబ్బు ఇది. అందుకే తెలిసిన డాక్టర్లు తాగుడు అలవాటున్నవాళ్ళకి, రోజుల తరబడి తిననివాళ్ళకి గ్లూకోజుతో పాటో, ముందో థయమిన్ ఇస్తారు. బెంచీ మీద పడుకోబెట్టి సీసా తగిలించే చోట ఈ ప్రశ్న ఎవరు అడుగుతారు?

బి12 కథ వేరు. మా మేనత్తకి షుగరు. ఏళ్ళుగా మెట్‌ఫార్మిన్ వాడుతోంది. "అరికాళ్ళు తిమ్మిరెక్కి ఉంటున్నాయి అమ్మీ, చెప్పు జారిపోయినా తెలీడం లేదు" అని ఫోన్లో చెప్పింది. నడిస్తే ఆయాసం. ఆమె వెళ్ళే క్లినిక్‌లో దాన్ని షుగరు నీరసం అన్నారు, బలానికి ఫోలిక్ యాసిడ్ మాత్రలు రాశారు. మెట్‌ఫార్మిన్ ఎక్కువకాలం వాడితే బి12 ఒంటికి పట్టడం తగ్గుతుందన్నది డాక్టర్లకి తెలిసిన సంగతే. ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వేసుకుంటే రక్తం పరీక్షలో పరిస్థితి కాస్త బాగున్నట్టు కనబడుతుంది, లోపల నరాల నష్టం మాత్రం సాగుతూనే ఉంటుంది. "అత్తా, విశాఖ వెళ్ళినప్పుడు బి12 పరీక్ష చేయించు" అని పోరాను. బాగా తక్కువని తేలింది. బి12 ఇంజెక్షన్లు మొదలెట్టాక ఆయాసం తగ్గింది, తిమ్మిర్లు పూర్తిగా పోలేదు. నరం ఎక్కువకాలం పాడైతే మొత్తం తిరిగి రాదు. ఎసిడిటీకి రోజూ ఏళ్ళ తరబడి మాత్ర మింగేవాళ్ళకి కూడా ఇదే హెచ్చరిక. బి12 మొక్కల్లో దొరకదు. పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసంలోనే ఉంటుంది. మా సంతలో దొరికే ఎండు చేప కూడా పనికొస్తుంది.

ప్రతి నీరసమూ విటమిన్ లోపమే అని నేను అనడం లేదు. మా జిల్లాల్లో మలేరియా ఉంది, టీబీ ఉంది, సికిల్ సెల్ అనే రక్తం జబ్బు ఉంది, థైరాయిడ్ ఉంది. అన్నిటికంటే ముందు రక్తహీనత. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఒడిశాలో అది 64 శాతం. ఇనుము విటమిన్ కాదు, కానీ ఆక్సిజన్ మోయడానికీ, మైటోకాండ్రియా నడవడానికీ అదే కావాలి. "బలం" అనే ఒక్క మాట కింద ఇన్ని జబ్బులని కలిపేస్తే ఏ ఒక్కదానికీ వైద్యం జరగదు. హీమోగ్లోబిన్, షుగరు, థైరాయిడ్, బి12 పరీక్షలకయ్యే ఖర్చు ఎక్కువే అనిపించవచ్చు. నెలనెలా సీసాలకి పోసే డబ్బు ఏడాదికి లెక్కేసి చూడండి. బి-కాంప్లెక్స్ వేసుకున్నాక మూత్రం పచ్చగా వస్తే మందు పనిచేస్తోందని సంబరపడతారు. అది ఒంటికి అక్కర్లేక బయటికి పోతున్న బి2. నీళ్ళలో కరిగేవి గనక ఎన్ని వేసుకున్నా ఫర్వాలేదనడం కూడా తప్పే. బి6 ని పెద్ద మోతాదులో నెలల తరబడి వేసుకుంటే నరాలే దెబ్బతింటాయి.

రేషను బియ్యం గురించి కూడా చెప్పాలి. అందులో తేడాగా కనబడే గింజల్ని ప్లాస్టిక్ బియ్యం అని ఏరి పారేస్తున్నారు. అవి బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి మళ్ళీ గింజలుగా చేసినవి. వంద కిలోల బియ్యానికి ఒక కిలో చొప్పున కలిపినవి. మా గజపతి జిల్లా బడి భోజనంలో ఇనుము కలిపిన బియ్యాన్ని ప్రపంచ ఆహార కార్యక్రమం వాళ్ళు 2010ల మొదట్లోనే పెట్టి చూశారు. ఆ గింజల్ని పారేయకండి. సికిల్ సెల్, తలసీమియా ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్ని అడగండి. అయితే ప్రభుత్వాన్ని నేను అడిగేది ఒకటుంది. తప్పనిసరిగా కలపాల్సిన ఆ మూడింట్లో బి1 లేదు. ఇష్టమైతే కలపొచ్చన్న జాబితాలో పెట్టారు. పాలిష్‌లో ముందు పోయేది బి1, ఈ తీరంలో మనుషుల్ని చంపిందీ బి1 లోపమే. బెరిబెరికి పేరుపడ్డ జిల్లాల్లోనైనా దాన్ని తప్పనిసరి చేయాలి.

దంపుడు బియ్యం తినండి అని సులువుగా అనేయొచ్చు. త్వరగా పురుగు పడుతుంది, తవుడులో నూనె ఉండడం వల్ల మక్కు వాసన వస్తుంది, వండడానికి గ్యాసు ఎక్కువ, పట్నంలో ధర ఎక్కువ. కూలి చేసుకునే ఇంటికి ఇవన్నీ నిజమైన ఇబ్బందులు. అందుకే నేను ముందు చెప్పేది ఉప్పుడు బియ్యం, తర్వాత చోళ్ళు, అంటే రాగులు. ఒడియాలో మాండియా అనే ఈ గింజలో బి1 పాలిష్ బియ్యంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఒడిశా ప్రభుత్వం 2017లో చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టినప్పటి నుంచి మా కొండ ఊళ్ళలో దీని సాగు మళ్ళీ పుంజుకుంది. ఒక పూట చోడి అంబలి, ఇంకో పూట అన్నంలోకి చిక్కగా పప్పు, వారంలో కొన్నిసార్లు గుడ్డు, మునగాకు. బియ్యం రెండుసార్లకి మించి కడగకుండా, గంజి వార్చకుండా నీళ్ళు సరిపోసి వండడం. వీటిలో ఏదీ మందుల షాపులో కొనే పని లేదు.

చివరిగా, ఆలస్యం చేయకూడని కొన్ని లక్షణాలు రాస్తున్నాను. తాగుడు అలవాటున్నా లేకున్నా, కొన్ని రోజులుగా తిండి సరిగా తినని మనిషి తూలుతున్నా, ఒక వస్తువు రెండుగా కనబడుతోందన్నా, మాట తడబడి మతి తప్పినట్టు ప్రవర్తిస్తున్నా ఆర్‌ఎంపీ దగ్గర ఆగకండి. తెల్లన్నం పథ్యంలో ఉన్న తల్లి పాలు తాగే నెలల బిడ్డ పాలు మానేసి, రొప్పుతూ, గొంతు బొంగురుపోయి ఏడుస్తున్నా, ఏడుస్తున్నట్టు నోరు తెరిచినా గొంతు రాకపోయినా అంతే. ఆ గంటలోనే పెద్దాస్పత్రికి తీసుకెళ్ళండి. ఎన్నాళ్ళుగా ఏం తింటున్నారో దాచకుండా చెప్పండి. గ్లూకోజు పెట్టేముందు థయమిన్ అవసరమేమో చూడమని డాక్టర్ని అడగండి.